గాజు స్లైడు మీద టన్నెల్ జంక్షన్: చేయడం, కొలవడం, అది టన్నెలింగేనా అని తేల్చుకోవడం

రెండు అల్యూమినియం పొరల మధ్య రెండు నానోమీటర్ల లోపు మందమున్న అల్యూమినియం ఆక్సైడ్ పొర ఉంటే, ఆక్సైడ్ విద్యుత్ బంధకమే అయినా దాని గుండా కరెంటు పోతుంది. ఆ గోడ ఎక్కి దూకేంత శక్తి ఎలక్ట్రాన్‌కు ఉండదు. కానీ దాని తరంగం గోడ ముఖం దగ్గరే ఆగిపోదు, లోపల వేగంగా తగ్గుతూ వెళ్తుంది. గోడ చాలా పలుచనైతే అవతలి లోహంలో ఆ తరంగం కొంత మిగిలే ఉంటుంది. ఆ మిగులే టన్నెలింగ్ కరెంటు. ఇలా లోహం, ఆక్సైడ్, లోహం ఒకదాని మీద ఒకటి ఉన్న కూర్పే టన్నెల్ జంక్షన్.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీల్లో వాక్యూమ్ కోటింగ్ యూనిట్ అందుబాటులో ఉన్న ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థులు ప్రాజెక్టుగా చేయదగ్గ పని ఇది. ద్రవ హీలియం అక్కర్లేదు, క్లీన్ రూమ్ అక్కర్లేదు. మన తీరప్రాంతపు తేమను మాత్రం మొదటి నుంచీ లెక్కలో పెట్టుకోవాలి.

ముందు అంకెలు

టన్నెలింగ్ వాహకత (నిరోధానికి విలోమం) మందంతో ఘాతీయంగా పడిపోతుంది. అవరోధం, అంటే పైన చెప్పిన గోడ, ఎత్తు 2 ఎలక్ట్రాన్ ఓల్టులు అనుకుంటే, మందం 0.1 నానోమీటరు పెరిగిన ప్రతిసారీ కరెంటు దాదాపు 4 రెట్లు తగ్గుతుంది. 0.1 నానోమీటరంటే ఒక పరమాణువు వెడల్పులో సగం కూడా కాదు. 0.2 మిల్లీమీటర్ల వెడల్పున్న రెండు పట్టీలు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటే చోటే మన జంక్షన్ అనుకుందాం. వైశాల్యం 4×10⁻⁴ చదరపు సెంటీమీటర్లు. ఆక్సైడ్ 1.5 నానోమీటర్లుంటే జంక్షన్ నిరోధం సుమారు 2.3 కిలోఓములు, 1.8 ఉంటే సుమారు 216 కిలోఓములు, 2.0 ఉంటే సుమారు 4.4 మెగాఓములు. అర నానోమీటరు తేడాకే దాదాపు రెండు వేల రెట్లు!

ఈ లెక్కలోంచే ఇంకో ముఖ్యమైన సంగతి వస్తుంది. పొర వైశాల్యంలో పదో వంతు మిగతా చోటు కంటే 0.3 నానోమీటర్లు పలుచగా ఉందనుకోండి. అక్కడ కరెంటు సాంద్రత 77 రెట్లు ఎక్కువ. అంటే మొత్తం కరెంటులో దాదాపు 90 శాతం ఆ పదో వంతు గుండానే పోతుంది. వంశధారకు వరదొచ్చినప్పుడు గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే నీరు అక్కడే కోసినట్టు, మీరు కొలిచేది పొర సగటును కాదు, దాని పలుచని చోట్లను. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ పలుచని చోట్లు పుట్టకుండా చూడటానికే.

స్లైడు, మాస్కులు

మామూలు మైక్రోస్కోప్ స్లైడును 25×25 మిల్లీమీటర్ల ముక్కలుగా కోయండి. లాబొలిన్ లాంటి డిటర్జెంట్ నీటిలో 10 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి. తర్వాత అసిటోన్‌లో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెరో 5 నిమిషాలు. హాట్ ఎయిర్ ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఆరబెట్టాలి. బోరు నీటితో కడగొద్దు. అందులోని సున్నం చుక్కలు చుక్కలుగా ఎండి స్లైడుకు అంటుకుంటుంది, ఆ ప్రతి చుక్కా పొరలో ఒక మెట్టు అవుతుంది. శుభ్రమైందో లేదో చూడటానికి అదే స్లైడులోంచి కోసిన అదనపు ముక్క మీద నోటితో ఆవిరి ఊదండి. మంచు సమానంగా పరుచుకుని సమానంగా ఆరిపోతే సరే. మరకలుగా, గీతలుగా ఆరితే మొత్తం బ్యాచ్‌ను మళ్ళీ మొదటి నుంచి కడగాలి.

మాస్కులు 0.1 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుతో, 0.2 మిల్లీమీటర్ల చీలికలతో చేయించుకోవాలి. కింది పొరకు ఒక చీలిక, పై పొరకు అడ్డంగా ఐదు చీలికలు. దీంతో ఒక్క స్లైడు మీద ఐదు జంక్షన్లు వస్తాయి. ఒక్క జంక్షన్‌తో ఏ నిర్ణయానికీ రాకూడదు. ఐదింటి నిరోధాలూ ఒకదానికొకటి 4 రెట్లలోపు ఉంటే, వాటి మందాల్లో తేడా 0.1 నానోమీటరుకు మించలేదన్నమాట. మాస్కు స్లైడుకు ఆనుకుని ఉండాలి. సందుంటే పట్టీ అంచు పలుచగా పాకి, సరిగ్గా ఆ అంచు మీదే జంక్షన్ చెడిపోతుంది.

కింది పొర

99.99 శాతం స్వచ్ఛత ఉన్న 1 మిల్లీమీటరు అల్యూమినియం తీగ తీసుకోండి. 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో అర నిమిషం ముంచి, కడిగి, అసిటోన్‌తో తుడవండి. క్వార్ట్జ్ మందం మీటరు లేకపోయినా తూకంతో పని జరుగుతుంది. ఫిలమెంట్ నుంచి స్లైడుకు దూరం 15 సెంటీమీటర్లయితే, అన్ని వైపులకూ సమానంగా ఆవిరవుతుందన్న లెక్కన 40 నానోమీటర్ల పొరకు సుమారు 30 మిల్లీగ్రాములు కావాలి. అంటే ఒకటిన్నర సెంటీమీటర్ల తీగ. పై పొరకు 100 నానోమీటర్లు కావాలి కాబట్టి మూడున్నర సెంటీమీటర్లకు కాస్త పైన. తీగను చిన్న ముక్కలుగా విరిచి, మెలితిప్పిన టంగ్‌స్టన్ ఫిలమెంట్ చుట్లకు తగిలించండి.

రోటరీ పంపుతో మొదలుపెట్టి, డిఫ్యూజన్ పంపుతో 10⁻⁵ మిల్లీబార్ కంటే కిందికి తీసుకెళ్ళండి. షట్టర్ (ఫిలమెంట్‌కూ స్లైడుకూ మధ్య ఉండే అడ్డు రేకు) మూసి ఉంచి ఫిలమెంట్ కరెంటును నెమ్మదిగా పెంచాలి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగి టంగ్‌స్టన్‌కు తడిగా అంటుకుంటుంది. అంటుకునేదాకా ఆగండి. తొందరపడి కరెంటు ఎక్కిస్తే కరిగిన లోహం చిట్లి, తుంపర్లుగా స్లైడు మీద పడుతుంది. ఒక్క తుంపర మీ రెండు నానోమీటర్ల ఆక్సైడ్ కంటే వందల రెట్లు ఎత్తుంటుంది. అంటుకున్నాక కరెంటు పెంచి, షట్టర్ తెరిచి, సెకనుకు 2 నానోమీటర్ల వేగంతో 20 సెకన్లలో పని ముగించాలి. ఇక్కడ మెల్లగా చేయడం తప్పు. 10⁻⁵ మిల్లీబార్ దగ్గర మిగిలిన గాలి, ఆవిరి అణువులు సెకనుకు కొన్ని పొరలు పరిచేంతగా స్లైడును కొడుతుంటాయి. అల్యూమినియం మెల్లగా పడితే సగం ఆక్సైడ్ కలిసిన గరుకు పొర వస్తుంది.

కరిగిన అల్యూమినియం టంగ్‌స్టన్‌ను తినేస్తుంది. మూడు నాలుగు వాడకాల తర్వాత ఫిలమెంట్ మార్చేయండి. తెగేదాకా వాడితే తెగేది సరిగ్గా పొర పడే సమయంలోనే.

డిఫ్యూజన్ పంపు వేడిగా ఉండగా కరెంటు పోతే చేయాల్సిన పనులు గోడ మీద రాసి అతికించుకోండి. ముందు హై వాక్యూమ్ వాల్వ్ మూయాలి, తర్వాత బ్యాకింగ్ వాల్వ్, ఆపైన రోటరీ పంపు నోటికి గాలి వదలాలి. లేకపోతే రోటరీ నూనె గొట్టాల్లోకి ఎగబాకుతుంది. చల్లార్చే నీరు మోటారు మీద కాకుండా ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దానంతట అది వచ్చేలా ఉంటే, కరెంటు పోయినా పంపు చల్లారుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో పెద్ద బ్యాచ్ పెట్టుకోకపోవడం మేలు. 2018 అక్టోబరులో తిత్లీ దాటిన తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు.

ఆక్సైడ్

ఎక్కువమంది ఇక్కడే దెబ్బ తింటారు. అల్యూమినియాన్ని గాలికి పెడితే ఆక్సైడ్ దానంతట అదే పెరిగి, దానంతట అదే ఆగిపోతుంది. మొదటి పొరలు చాలా వేగంగా వస్తాయి, ఆ తర్వాత పెరగడం దాదాపు నిలిచిపోతుంది. భౌతికశాస్త్రవేత్త ఐవార్ గియావర్ 1960లో అల్యూమినియం, సీసం పొరలతో చేసిన ప్రయోగాల్లో గాలిలో పెరిగిన ఆక్సైడ్‌నే వాడాడు. అదే పని జూలైలో మన దగ్గర చేస్తే ఫలితం రోజుకో రకంగా వస్తుంది. తేమ 80, 90 శాతం ఉన్న గాలిలో ఆక్సైడ్‌తో పాటు హైడ్రాక్సైడ్ కూడా పెరుగుతుంది. దాని మందం ఆనాటి వాతావరణాన్ని బట్టి మారుతుంది. కొలిచేటప్పుడు కరెంటు నిలకడగా ఉండదు, ఓల్టేజి పైకి వెళ్ళేటప్పుడు ఒక దారి, దిగేటప్పుడు ఇంకో దారి పడుతుంది.

రెండో దారి పొడి ఆక్సిజన్‌లో మామూలుగా ఉంచడం. దీంతో శుభ్రమైన పొర వస్తుంది కానీ మరీ పలుచన. 0.2 మిల్లీమీటర్ల జంక్షన్‌కు నిరోధం కొన్ని ఓములో, అంతకన్నా తక్కువో వస్తుంది. మైక్రోమీటరు సైజు జంక్షన్లు చేసేవారికి అది కావలసినదే, మనకు కాదు. ఎందుకో కొలత దగ్గర చెప్తాం.

కాబట్టి మా సలహా గ్లో డిశ్చార్జ్, అంటే తక్కువ ఒత్తిడి ఉన్న వాయువులో హై టెన్షన్‌తో వెలుగు పుట్టించడం. స్లైడు శుభ్రం చేయడానికని చాలా కోటింగ్ యూనిట్లలో హై టెన్షన్ రింగు ఉంటుంది. దానితోనే ఆక్సీకరణ చేయవచ్చు. కింది పొర పడ్డాక పావుగంట చల్లారనివ్వండి. హై వాక్యూమ్ వాల్వ్ మూసేయండి. వేడి డిఫ్యూజన్ నూనె మీదికి గాలి వెళ్తే నూనె పాడైపోతుంది. రోటరీ పంపు లాగుతుండగా నీడిల్ వాల్వ్ ద్వారా పొడి గాలిని వదిలి, ఒత్తిడిని 0.1 మిల్లీబార్ దగ్గర నిలబెట్టండి. రింగుకు హై టెన్షన్ ఇస్తే చాంబర్ వెలుగుతుంది. 3, 6, 12 నిమిషాల చొప్పున మూడు స్లైడులు చేసి, ఏది మీ చాంబర్‌లో పది నుంచి కొన్ని వందల కిలోఓముల మధ్య నిరోధం ఇస్తుందో చూసుకోవాలి. ఈ సమయం ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు మారుతుంది. కాబట్టి పక్క కాలేజీ వారి అంకె అరువు తెచ్చుకుంటే పని జరగదు.

గాలినే ఎందుకు వాడమంటున్నామంటే, మామూలు ఖనిజ నూనె ఉన్న రోటరీ పంపు గుండా స్వచ్ఛమైన ఆక్సిజన్ లాగడం ప్రమాదం, నూనె పేలగలదు. పంపులో ఫాంబ్లిన్ లాంటి ఫ్లోరినేటెడ్ నూనె ఉంటే తప్ప ఆక్సిజన్ సిలిండర్ జోలికి వెళ్ళకండి. గాలిలో ఉన్న 21 శాతం ఆక్సిజన్ మన పనికి చాలు. దాన్ని పొడిగా చేయడానికి రెండు గాజు గొట్టాలు వరసగా కలపండి. మొదటి దాంట్లో నీలి సిలికా జెల్, రెండో దాంట్లో 4ఏ మాలిక్యులర్ సీవ్. జెల్ గులాబీ రంగుకు తిరగడం మొదలవగానే మార్చాలి. వర్షాకాలంలో ఇది మీరనుకున్న దానికంటే త్వరగా తిరుగుతుంది. వాడిన జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌లో మళ్ళీ నీలమయ్యేదాకా వేడి చేస్తే సరిపోతుంది. సీవ్‌కు మాత్రం 250 డిగ్రీల పైన కావాలి.

ఇంకో రెండు మాటలు. రింగు అల్యూమినియందే అయి ఉండాలి. వేరే లోహమైతే దాని అణువులు రాలి మీ ఆక్సైడ్‌లో కలుస్తాయి. స్లైడు రింగుకు నేరుగా ఎదురుగా ఉండకూడదు, మధ్యలో చిన్న రేకు అడ్డం పెట్టండి. వేగంగా వచ్చే అయాన్లు ఆక్సైడ్‌ను పెంచే బదులు గీకేస్తాయి.

చాంబర్ తెరవకుండానే మాస్కు తిప్పే ఏర్పాటుంటే అన్నిటికన్నా మంచిది. లేకపోతే కింది పొర పడ్డాక పొడి గాలితోనే చాంబర్ నింపి తెరిచి, మాస్కు మార్చి, వెంటనే మూసి పంపు చేసి, ఆ తర్వాతే గ్లో డిశ్చార్జ్ చేయండి. అప్పుడు ఆఖరి ఆక్సైడ్ మందాన్ని నిర్ణయించేది గది గాలి కాకుండా డిశ్చార్జ్ అవుతుంది. మాస్కు మార్చేటప్పుడు స్లైడు మీద మాట్లాడొద్దు, ఊదొద్దు.

పై పొర

డిశ్చార్జ్ ఆపి మళ్ళీ 10⁻⁵ మిల్లీబార్ కిందికి పంపు చేసి, 100 నానోమీటర్ల అల్యూమినియం వేయండి. పై పొర కింది పొర కంటే మందంగా ఉండి తీరాలి. లేకపోతే 40 నానోమీటర్ల మెట్టు ఎక్కే చోట తెగిపోతుంది. బంగారం, వెండి పై పొరగా వాడొచ్చు కదా అనిపిస్తుంది. అవి ఆక్సిజన్‌తో కలవవు కాబట్టి ఆక్సైడ్‌లో ఉన్న సన్నని రంధ్రాల్లోకి దిగి షార్ట్ చేసే అవకాశం ఎక్కువ. మొదటి ప్రయత్నాలకు అల్యూమినియమే నయం.

తీగలు, స్థిర విద్యుత్తు

సోల్డరింగ్ వద్దు. పట్టీల చివర వెడల్పు ప్యాడ్ల మీద సిల్వర్ పేస్టుతో 38 గేజ్ రాగి తీగ అంటించండి. ప్యాడ్ మీద ఉన్న ఆక్సైడ్‌ను జంక్షన్‌కు దూరంగా సూదితో కొద్దిగా గీకి అంటిస్తే పట్టు బాగుంటుంది. ఒక్కో జంక్షన్‌కు నాలుగు తీగలు, పట్టీకి రెండు చొప్పున.

మంచి జంక్షన్ కొలవకముందే చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే. 1.8 నానోమీటర్ల ఆక్సైడ్, 0.2 మిల్లీమీటర్ల జంక్షన్ ధారిత (కెపాసిటెన్స్) సుమారు 1.6 నానోఫారడ్లు. మనిషి శరీరం ధారిత 100 పికోఫారడ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఏసీ గదిలో పాలియస్టర్ బట్టలతో నడిచి 1000 ఓల్టుల చార్జి మోసుకొచ్చి తీగను ముట్టుకుంటే, ఆ చార్జి పంచుకున్నాక జంక్షన్ మీద దాదాపు 60 ఓల్టులు పడతాయి. ఆక్సైడ్ తట్టుకునేది నానోమీటరుకు సుమారు 1 ఓల్టే. 1000 ఓల్టుల చార్జి ఒంటికి తెలియను కూడా తెలియదు.

అందుకే వరస ఇలా ఉండాలి. తీగలు అంటించేటప్పుడే నాలుగింటినీ కలిపి మెలేయండి. మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టుకోండి. స్విచ్ బాక్సులో నాలుగు టెర్మినళ్ళూ ఎర్త్‌కు షార్ట్ చేసి ఉండగానే తీగలు బిగించండి. సోర్స్ ఓల్టేజి సున్నాలో పెట్టి, అప్పుడు మాత్రమే షార్ట్ తీయండి. తీసేటప్పుడు ఇదే వెనక నుంచి ముందుకు.

చేతి మల్టీమీటరును ఓమ్స్ రేంజిలో పెట్టి నేరుగా జంక్షన్‌కు ఆనించకండి. కొన్ని మీటర్లు ఆ రేంజిలో ఒక ఓల్టుకు పైగా వదులుతాయి.

కొలత

ఖరీదైన సోర్స్ మీటర్ ఉంటే సరే. లేకపోతే 1.5 ఓల్టుల సెల్లు, దానికి సిరీస్‌లో 2.2 కిలోఓమ్, తర్వాత 1 కిలోఓమ్ పది చుట్ల పొటెన్షియోమీటర్ పెట్టండి. గరిష్ఠంగా 0.47 ఓల్టులే వస్తాయి, పొరపాటున తిప్పినా జంక్షన్ బతుకుతుంది. జంక్షన్ రెండో కొసను సీఏ3140 లాంటి ఆప్-యాంప్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు ఇచ్చి, ఫీడ్‌బ్యాక్‌లో 1 మెగాఓమ్, దానికి సమాంతరంగా 100 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. ఆ కెపాసిటర్ లేకపోతే జంక్షన్ ధారిత వల్ల యాంప్లిఫయర్ ఆసిలేట్ కావచ్చు. 200 కిలోఓముల జంక్షన్ మీద 20 మిల్లీఓల్టులంటే 100 నానోయాంపియర్లు, అవుట్‌పుట్ 0.1 ఓల్టు. ఏ మల్టీమీటర్ అయినా చదువుతుంది. ఈ ఆప్-యాంప్ ఆఫ్‌సెట్ కొన్ని మిల్లీఓల్టులుంటుంది కాబట్టి, 10 కిలోఓమ్ ట్రిమ్‌పాట్‌తో ముందే సున్నా చేయండి. సరఫరాకు రెండు 9 ఓల్టుల బ్యాటరీలు చాలు, మెయిన్స్ 50 హెర్ట్జ్ గోల కూడా తగ్గుతుంది.

జంక్షన్ మీద ఓల్టేజిని కూడా నేరుగా మల్టీమీటరుతో కొలవొద్దు, దానికి కారణముంది. దాని ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 మెగాఓములు. జంక్షన్ 4.4 మెగాఓములుంటే రెండూ సమాంతరంగా కలిసి 3 మెగాఓముల జంక్షన్‌లా కనిపిస్తుంది. పై సర్క్యూట్‌లో మీటరు పొటెన్షియోమీటర్ వైపు, ఆప్-యాంప్ అవుట్‌పుట్ వైపు మాత్రమే ఉంటుంది కాబట్టి ఈ తప్పు రాదు.

జంక్షన్ కొన్ని కిలోఓములకు దిగితే నాలుగు తీగల పద్ధతికి మారండి. కరెంటును కింది పట్టీ ఒక కొస నుంచి పై పట్టీ ఒక కొసకు పంపి, మిగతా రెండు కొసల మధ్య ఓల్టేజి చూడాలి. అయితే జంక్షన్ నిరోధం పట్టీ సొంత నిరోధానికి దగ్గరగా ఉంటే, అంటే ఒకటి రెండు ఓముల దగ్గరకు వస్తే, కరెంటు జంక్షన్ అంతటా సమానంగా పోకుండా ఒక మూలకు చేరుతుంది. అప్పుడు నాలుగు తీగల కొలత అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి రుణ నిరోధం కూడా చూపిస్తుంది! అది కొత్త భౌతికశాస్త్రం కాదు, ఆకారం వల్ల వచ్చే తప్పు. జంక్షన్ నిరోధం పట్టీ చదరపు నిరోధానికి (పట్టీలో పొడవు, వెడల్పు సమానంగా ఉన్న ముక్క నిరోధానికి) కనీసం కొన్ని పదుల రెట్లుండాలి. పొడి ఆక్సిజన్ పద్ధతి మనకు వద్దన్నది ఇందుకే.

−0.3 నుంచి +0.3 ఓల్టుల దాకా 10 మిల్లీఓల్టుల అడుగులతో పైకి, మళ్ళీ కిందికి కొలవండి. లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో (ఒకే పౌనఃపున్యం దగ్గరి చిన్న ఏసీ సంకేతాన్ని కొలిచే పరికరంతో) నేరుగా వాహకత కొలిచేవారు పౌనఃపున్యం చూసుకోవాలి. 216 కిలోఓములు, 1.6 నానోఫారడ్లు కలిసి సుమారు 460 హెర్ట్జ్ దగ్గర అడ్డం తిరుగుతాయి, ఆ పైన కరెంటు ఎక్కువగా ధారిత గుండానే పోతుంది. దానికి బాగా కింద, 50కి గుణిజం కాని చోట, 37 హెర్ట్జ్ లాంటి దగ్గర ఉండండి. ధారితను ఎల్‌సీఆర్ మీటరుతో కొలవాలంటే ఇది తిరగబడుతుంది, 10 కిలోహెర్ట్జ్ వాడాలి.

వంపు నుంచి మందం, ఎత్తు

తక్కువ ఓల్టేజి దగ్గర జంక్షన్ మామూలు నిరోధకంలాగే ఉంటుంది. ఓల్టేజి పెరిగేకొద్దీ అవరోధం వాలి, వాహకత ఓల్టేజి వర్గంతో పెరుగుతుంది. 2 ఎలక్ట్రాన్ ఓల్టులు, 1.8 నానోమీటర్ల జంక్షన్‌లో 0.1 ఓల్టు దగ్గర పెరుగుదల 5 శాతం, 0.3 దగ్గర దాదాపు 48 శాతం. సిమన్స్ 1963లో, బ్రింక్‌మన్, డైన్స్, రోవెల్ 1970లో టన్నెలింగ్ కరెంటుకు ఇచ్చిన సూత్రాలను కలిపి సర్దుకుంటే, కంప్యూటర్ ఫిట్టింగ్ లేకుండా క్యాలిక్యులేటర్‌తోనే పని అవుతుంది.

ఒకే పరిమాణపు ధన, రుణ ఓల్టేజీల దగ్గర వాహకతల సగటు తీసుకోండి. దీంతో రెండు వైపుల అవరోధాల తేడా ప్రభావం పోతుంది. ఆ సగటును ఓల్టేజి వర్గానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. రేఖ వాలును సున్నా దగ్గరి వాహకతతో భాగిస్తే వచ్చేది «వంపు». సున్నా దగ్గరి వాహకతను సీమెన్స్‌లలో తీసుకుని చదరపు సెంటీమీటర్లలో ఉన్న వైశాల్యంతో భాగిస్తే వచ్చేది «సాంద్రత». మందం నానోమీటర్లలో, ఎత్తు ఎలక్ట్రాన్ ఓల్టుల్లో:

మందం² = (√వంపు ÷ 18.56) × సహజ సంవర్గమానం [5.72×10⁹ ÷ (√వంపు × సాంద్రత)]

ఎత్తు = 3.28 × మందం² ÷ వంపు

ఉదాహరణకు వాహకత 4.6×10⁻⁶ సీమెన్స్, వైశాల్యం 4×10⁻⁴, వంపు 5.3 అనుకోండి. సాంద్రత 0.0116. బ్రాకెట్‌లోది 2.1×10¹¹, దాని సంవర్గమానం 26.1. మందం² 3.24, మందం 1.8, ఎత్తు 2.0.

వైశాల్యం ఈ సూత్రంలో సంవర్గమానం లోపల ఉంది కాబట్టి అక్కడ 20 శాతం తప్పు జరిగినా మందం అర శాతం కూడా మారదు. వంపులో 10 శాతం తప్పైతే మందం 2.5 శాతం, ఎత్తు 5 శాతం మారుతాయి. మైక్రోస్కోప్ కింద పట్టీ వెడల్పు కొలుస్తూ గంటలు గడిపే బదులు, 0.2, 0.3 ఓల్టుల దగ్గరి కొలతలను మళ్ళీ మళ్ళీ తీసుకోవడం లాభం.

అల్యూమినియం ఆక్సైడ్‌కు ఎత్తు 1.5 నుంచి 2.5 మధ్య వస్తే నమ్మదగ్గదే. ఈ మందాన్ని ధారిత నుంచి వచ్చే మందంతో పోల్చండి, సాపేక్ష పెర్మిటివిటీ 8 అని తీసుకోవచ్చు. ధారిత పొర మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, టన్నెలింగ్ పలుచని చోట్లనే ఎంచుకుంటుంది. కాబట్టి టన్నెలింగ్ మందం కొంత తక్కువగా రావడం సహజం. ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ ప్రభావక ద్రవ్యరాశి స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి కంటే తక్కువ కావడం కూడా మందాన్ని అటువైపే నెడుతుంది. రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువైతే పొర సమానంగా లేదని అర్థం.

చల్లార్చి చూడండి

వంపు చక్కగా వచ్చిందని ప్రాజెక్టు ముగించకండి. ఆక్సైడ్‌లో లోహపు రంధ్రం ఉన్న జంక్షన్లు కూడా ఇలాంటి వంపునూ, నమ్మదగ్గ ఎత్తునూ ఇవ్వగలవు. నిజం చెప్పేది ఉష్ణోగ్రత.

గది ఉష్ణోగ్రత నుంచి ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రతకు, అంటే 300 నుంచి 77 కెల్విన్‌కు దించితే, ఆదర్శ టన్నెల్ జంక్షన్ నిరోధం 5 శాతం మేర పెరుగుతుంది. వాస్తవంలో కొంత ఎక్కువ ఉండొచ్చు. నిరోధం తగ్గితే లోహపు రంధ్రం ఉన్నట్టే, ఎందుకంటే లోహం చల్లారితే బాగా ప్రవహింపజేస్తుంది. నిరోధం వందల, వేల రెట్లు పెరిగితే కరెంటు టన్నెలింగ్ కాదు, ఆక్సైడ్‌లోని లోపాల మీదుగా వేడి సాయంతో గెంతుతూ పోతోంది. 0.1 ఎలక్ట్రాన్ ఓల్టు గెంతుకే ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య 70 వేల రెట్ల తేడా వస్తుంది. 5 శాతానికీ 70 వేల రెట్లకూ మధ్య ఎవరూ పొరబడరు, అందుకే ఈ పరీక్షకు మించింది లేదు.

ద్రవ నైట్రోజన్ కోసం విశాఖ దాకా వెళ్ళేముందు జిల్లా పశుసంవర్ధక శాఖ వారిని అడగండి. కృత్రిమ గర్భధారణకు వీర్యపు స్ట్రాలను నిల్వ చేసేది అందులోనే, గోపాలమిత్రలు ఊరూరా తీసుకెళ్ళే కంటెయినర్లలో ఉండేదీ అదే. మీకు ఒక పూటకు రెండు మూడు లీటర్లు చాలు. తలుపులు తెరిచిన గదిలోనే వాడండి, మూత బిగించొద్దు.

స్లైడును ఒకేసారి ముంచితే గాజు పగులుతుంది, పొర ఊడుతుంది. పొడవైన స్టీలు గొట్టం చివర కట్టి, ఆవిరిలో పావుగంట వేలాడదీసి మెల్లగా దించండి. పక్కనే పీటీ-100 అనే ప్లాటినం ఉష్ణోగ్రత సెన్సర్ పెడితే 30 డిగ్రీల దగ్గర సుమారు 112 ఓములు, ద్రవంలో సుమారు 20 ఓములు చూపిస్తుంది. సెన్సర్ చల్లారి స్లైడు చల్లారకపోవచ్చు. అందుకే అల్యూమినియం పట్టీ సొంత నిరోధాన్ని కూడా కొలవండి, అది తగ్గాలి. పైకి తీసేటప్పుడు సిలికా జెల్ వేసిన పాలిథిన్ సంచిలో బిగించి వేడెక్కనివ్వాలి. లేకపోతే మన గాలిలోని తేమంతా జంక్షన్ మీద నీళ్ళై కూర్చుంటుంది.

తేడా వచ్చినప్పుడు

ఐదు జంక్షన్లూ షార్ట్ అయితే ఆక్సైడ్ దశ లేదా ఎర్తింగ్ వరస చూడండి. ఒకటి రెండే అయితే దుమ్ము, తుంపర, లేదా అంచు. అంచు అనుమానమైతే కింది పట్టీ రెండు అంచులనూ పలుచని సిలికాన్ మోనాక్సైడ్ పొరతో కప్పి, మధ్య భాగం మాత్రమే తెరిచి ఉంచి మళ్ళీ చేయండి. షార్టులు ఆగిపోతే నేరం అంచుదే.

కరెంటు రెండు విలువల మధ్య టక్కున మారుతూ ఉంటే, ముందు సిల్వర్ పేస్టు అతుకు ఊగుతోందేమో చూడండి. అతుకు సరిగా ఉండీ అలాగే ఉంటే ఆక్సైడ్‌లోని ఒక లోపం ఎలక్ట్రాన్‌ను పట్టుకుని వదులుతోందన్నమాట. పైకి, కిందికి దారులు వేరైతే తేమ. డెసికేటర్‌లో రాత్రంతా ఉంచి మళ్ళీ కొలవండి. వాహకత కనిష్ఠం సరిగ్గా సున్నా దగ్గర కాకుండా కొన్ని పదుల మిల్లీఓల్టులు పక్కకు జరిగితే కంగారు వద్దు. రెండు వైపులా అల్యూమినియమే అయినా కింది వైపు ఆక్సైడ్ లోహం మీద పెరిగింది, పై వైపు లోహం ఆక్సైడ్ మీద పడింది. ఆ రెండు ముఖాలూ ఒకేలా ఉండవు.

నిరోధం రోజులు గడిచేకొద్దీ నెమ్మదిగా పెరుగుతుంది. గది గాలిలో ఉంచితే ఇంకా ఎక్కువ. తయారైన రోజే మొదటి కొలత తీసుకుని, తేదీ, డిశ్చార్జ్ నిమిషాలు, ఆ రోజు గది తేమ శాతం మూడింటినీ ఆ కొలత పక్కనే రాయండి. తర్వాత స్లైడును, నాలుగు తీగలూ మెలేసి ఉండగానే, డెసికేటర్‌లో పెట్టండి.